పొగమంచు రోజున ఢిల్లీకి విమానం పంపడం: ఫ్లైట్ డిస్పాచర్ పని, మొదటి నుంచి చివరిదాకా

ఫ్లైట్ డిస్పాచర్ కూర్చునేది ఎయిర్‌లైన్ ఓసీసీలో, అంటే ఆపరేషన్స్ కంట్రోల్ సెంటర్‌లో. రన్‌వే అక్కడికి వందల కిలోమీటర్ల దూరంలో ఉండొచ్చు. ఏ దారిన వెళ్లాలి, ఎంత ఎత్తులో, ఎంత ఫ్యూయల్‌తో, దిగడం కుదరకపోతే ఎక్కడికి మళ్లాలి అన్నవి ముందే తేల్చి కెప్టెన్ చేతికిచ్చేది డిస్పాచరే. విమానం లేచాక మళ్లీ దిగేదాకా దాన్ని కనిపెట్టుకుని ఉండేదీ డిస్పాచరే. అమెరికాలో పార్ట్ 121 (షెడ్యూల్డ్ ఎయిర్‌లైన్ల) నిబంధనల కింద ప్రయాణానికి ముందు ప్లాన్, ఆలస్యం, విడుదల (విమానం బయల్దేరడానికి ఇచ్చే అనుమతి) ఈ మూడింటికీ కెప్టెన్, డిస్పాచర్ ఇద్దరూ చట్టప్రకారం సమాన బాధ్యులు. ఇద్దరి సంతకాలూ పడాలి. మన దేశంలో డిస్పాచర్ అధికారం ఎంతవరకు అన్నది డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) నిబంధనలతో పాటు ఆ ఎయిర్‌లైన్ ఆపరేషన్స్ మాన్యువల్ కూడా చెబుతుంది. చేరిన మొదటి వారంలోనే ఆ అధ్యాయం చదివేయాలి.

లెక్కలన్నీ సాఫ్ట్‌వేరే కడుతుంది. ఇచ్చిన అంకె తప్పయితే తప్పు లెక్క కూడా అంతే శుభ్రంగా ప్రింటవుతుంది. కాబట్టి ప్లాన్‌లో ప్రతి అంకె ఎక్కడి నుంచి వచ్చిందో, అది నిలబడకపోతే ఏం చేయాలో చెప్పగలగడమే అసలు పని. దాన్ని ఒక ఫ్లైట్ పట్టుకుని చూద్దాం. జనవరి 6 తెల్లవారుజామున 4:30కి శంషాబాద్‌లో బయల్దేరి 6:40కి ఢిల్లీ చేరాల్సిన ఎ320 నియో. ఢిల్లీలో ఆ వేళకి ఇంకా సూర్యోదయం కాదు, పొగమంచు చిక్కగా ఉండే సమయం. కింద వేసిన బరువులు, ఫ్యూయల్ ఉదాహరణకు తీసుకున్నవి. మీ విమానానికి మీ కంపెనీ మాన్యువలే ప్రమాణం.

షిఫ్ట్ అందుకోవడం

దిగిపోయే డిస్పాచర్ దగ్గర ముందుగా అడగాల్సింది ఇప్పుడు గాల్లో ఉన్న విమానాల సంగతి. బయల్దేరాల్సినవి ఐదు నిమిషాలు ఆగగలవు, గాల్లో ఉన్నవి ఆగలేవు. ఏది ఎక్కడుంది, ఫ్యూయల్ ప్లాన్ ప్రకారమే నడుస్తోందా, ఏ కెప్టెన్‌కైనా చెబుతామన్న మాట చెప్పకుండా మిగిలిందా అని అడగాలి. తర్వాత టెయిల్ మార్పులు (ఫ్లైట్‌కు వేసిన విమానాన్ని మార్చడం), ఎంఈఎల్ మీద, అంటే ఏదో పరికరం చెడినా షరతులతో, నడుస్తున్న విమానాలు, మూతపడ్డ రన్‌వేలు. నోటిమాటతో సరిపెట్టుకోకుండా అప్పగింత షీట్‌లో రాయించుకోవాలి. "ఆ సంగతి చెప్పాను కదా", "నాకు చెప్పలేదు" అన్న తగువు సాధారణంగా డైవర్షన్ (విమానం వేరే ఊరికి మళ్లడం) అయిన మర్నాడు ఎంక్వైరీలో మొదలవుతుంది.

రాత్రి 2 నుంచి ఉదయం 6 దాకా ఒంట్లో చురుకు బాగా తగ్గే వేళ. ఉత్తరాదిలో పొగమంచు పని పెరిగేది కూడా సరిగ్గా అప్పుడే. ఆ వేళ ఏ అంకెనూ జ్ఞాపకం మీద వాడకండి. ఆల్టర్నేట్ (దిగలేకపోతే మళ్లాల్సిన విమానాశ్రయం) పేరు, ఫ్యూయల్ మొత్తం, జీరో ఫ్యూయల్ వెయిట్ (ఫ్యూయల్ కలపని విమానం, ప్రయాణికులు, సామాను బరువు) ఈ మూడింటినీ పక్క డెస్క్‌వాళ్లకు పైకి చదివి వినిపించే అలవాటు చాలా తప్పుల్ని అక్కడికక్కడే పట్టిస్తుంది. అమెరికాలో డిస్పాచర్ డ్యూటీ మామూలుగా వరసగా 10 గంటలు దాటకూడదని నిబంధన ఉంది. మన దగ్గర షిఫ్ట్ పొడవు కంపెనీని బట్టి ఉంటుంది. ఇంటర్వ్యూలో జీతం కంటే ముందు అడగాల్సిన ప్రశ్న అది.

వాతావరణం చదవడం

మెటార్ అంటే ఇప్పుడున్న పరిస్థితి. పెద్ద విమానాశ్రయాల్లో అరగంటకోసారి వస్తుంది. టాఫ్ అంటే అంచనా. 24, 30 గంటల టాఫ్‌లు 6 గంటలకోసారి, 9 గంటల టాఫ్‌లు 3 గంటలకోసారి కొత్తవి వస్తాయి. అర్ధరాత్రి తీసిన టాఫ్‌తో వేసిన ప్లాన్ తెల్లారేసరికి పాతబడుతుంది. ప్లాన్ విడుదల చేసే ముందు ఒకసారి, తలుపులు మూసే ముందు ఒకసారి టాఫ్ జారీ సమయం చూడండి, మారి ఉంటే ప్లాన్ మళ్లీ తెరవండి.

ఢిల్లీ మెటార్‌లో గాలి సున్నా, విజిబిలిటీ 0050, ఎఫ్‌జీ అంటే పొగమంచు, ఉష్ణోగ్రత 06, డ్యూ పాయింట్ 06 అని ఉందనుకోండి. ఆ రెండు అంకెలూ కలిశాయంటే గాలి తేమతో నిండిపోయింది. దాన్ని చెదరగొట్టే గాలి కూడా లేదు. ఎండ తగిలేదాకా కదలదు. ఆర్‌వీఆర్, అంటే రన్‌వే మీద ఎంత దూరం కనిపిస్తుందో చెప్పే అంకె, దాని పక్కన ఉండే అక్షరం వదిలేయకండి. యూ అంటే పెరుగుతోంది, డీ అంటే తగ్గుతోంది, ఎన్ అంటే మార్పు లేదు. 125 మీటర్లు అని చూసి తృప్తిపడితే, పక్కనున్న డీ ఇరవై నిమిషాల్లో ఆ అంకెను 75 చేస్తుంది.

ముందు రోజు సాయంత్రమే సూచనలు దొరుకుతాయి. వెస్టర్న్ డిస్టర్బెన్స్ (పశ్చిమం నుంచి వచ్చే శీతాకాలపు వాన వ్యవస్థ) వాన కురిపించి వెళ్లిపోయి, ఆకాశం తేటపడి, గాలి నాలుగైదు నాట్లకు పడిపోతే ఆ రాత్రి గంగా మైదానమంతా పొగమంచు కమ్ముకునే అవకాశం ఎక్కువ. ఢిల్లీ ఒక్కటే కాదు, లక్నో, వారణాసి, అమృత్‌సర్ కూడా. ఆల్టర్నేట్ ఎంచుకునేటప్పుడు ఈ సంగతే పెద్ద అడ్డంకి.

టాఫ్‌లో టెంపో (కాసేపు వచ్చిపోయే మార్పు) అన్న మాటను ఉరుములకూ పొగమంచుకూ ఒకే తీరుగా చదవకూడదు. ఉరుముల వాన అరగంటలో దాటిపోతుంది. పొగమంచు అలా పోదు. అందుకే చాలా కంపెనీల ప్లానింగ్ పట్టికలో జల్లుల టెంపోకు సడలింపు ఉన్నా పొగమంచు టెంపోకు ఉండదు. ఆ పట్టిక ప్రింటు డెస్క్ మీద పెట్టుకోండి.

నోటమ్‌లు, జులూ టైమ్

నోటమ్ అంటే రన్‌వే మూసివేత, పరికరాల లోపం లాంటివి చెప్పే అధికారిక ప్రకటన. నోటమ్ సమయాలన్నీ జులూలో, అంటే యూటీసీలో ఉంటాయి. మన టైమ్ దానికి ఐదున్నర గంటలు ముందు. కొత్తవాళ్లు ఎక్కువగా పొరపడేది తేదీ దగ్గర. మన 4:30 బయల్దేరే సమయం జనవరి 5న 2300 జులూ. ఢిల్లీ చేరేది జనవరి 6న 0110 జులూ. ఒకే ఫ్లైట్‌కు రెండు తేదీలు. "5వ తేదీ రాత్రి 2359 వరకు రన్‌వే మూసివేత" అన్న నోటమ్ మన లెక్కలో 6వ తేదీ తెల్లవారుజామున 5:29 దాకా నడుస్తుంది. 2025 మే నెలలో ఉత్తర, పశ్చిమ భారతంలో 32 విమానాశ్రయాల్ని మూసినప్పుడు ప్రకటనల్లో "మే 15 ఉదయం 5:29 వరకు" అన్న వింత సమయం కనిపించింది కదా, అది మే 14 2359 జులూనే. ఆ మూసివేత మే 12నే ఎత్తేశారు. అంటే గడువు తేదీ రాసి ఉన్నా నోటమ్ మధ్యలో రద్దవొచ్చు, పొడిగించొచ్చు కూడా. పొద్దున చూసిన నోటమ్ సాయంత్రానికి చెల్లుతుందనుకోకూడదు.

వందల నోటమ్‌లలో ఏవి చూడాలి? రన్‌వే, ఐఎల్ఎస్ (దిగే విమానానికి దారి చూపే రేడియో వ్యవస్థ), అప్రోచ్ లైట్లు, విమానాశ్రయం తెరిచి ఉండే వేళలు, ఫైర్ సర్వీస్ కేటగిరీ, ఫ్యూయల్ దొరకడం. క్రేన్‌లు, గడ్డి కోత తర్వాత. ఢిల్లీలో మనం దిగే రన్‌వే ఐఎల్ఎస్ స్థాయి క్యాట్ 1కి (క్యాట్ 1, 2, 3 పెరిగేకొద్దీ ఇంకా తక్కువ విజిబిలిటీలో దిగొచ్చు) పడిపోయిందని ఒక్క లైను ఉంటే ఆ పొద్దున ప్లాన్ మొత్తం మారుతుంది. ఫైర్ కేటగిరీ చిన్న ఊళ్లలో తరచూ తగ్గుతుంటుంది. ఎ320కి కేటగిరీ 6 కావాలి, ఎ321కి 7. నేవీ ఎయిర్‌ఫీల్డ్ నుంచి పౌర విమానాలు నడిచే చోట వేళల నోటమ్‌ను మరీ జాగ్రత్తగా చూడాలి.

విమానం, సిబ్బంది

ఏ టెయిల్ వెళ్తోందో తెలిశాక ఎంఈఎల్ చూడాలి. ఏ పరికరం చెడిపోయినా విమానం నడపొచ్చో, ఏ షరతులతో, ఎన్ని రోజులు నడపొచ్చో చెప్పే జాబితా అది. బి కేటగిరీ లోపానికి 3 రోజులు, సికి 10, డికి 120. గడువు కంటే డిస్పాచర్‌కు ముఖ్యం దాని వెనక ఉన్న షరతు. ఏపీయూ (నేల మీద కరెంటు, ఇంజన్ స్టార్ట్‌కు గాలి ఇచ్చే చిన్న ఇంజన్) పనిచేయదనుకోండి, విమానం ఎగురుతుంది. ఆల్టర్నేట్‌లో రెండు ఇంజన్లూ ఆపేస్తే మళ్లీ స్టార్ట్ చేయడానికి ఎయిర్ స్టార్ట్ యూనిట్ కావాలి. అది లేని ఊరిని ఆల్టర్నేట్‌గా వేశారంటే విమానం అక్కడే ఇరుక్కుంటుంది. ఆటోల్యాండ్‌కు సంబంధించిన లోపం ఉంటే క్యాట్ 3 పోయినట్టే. పొగమంచు రోజున ఆ టెయిల్‌ను చెన్నైకో బెంగళూరుకో తిప్పి, మంచి టెయిల్‌ను ఢిల్లీకి వేయించమని మెయింటెనెన్స్ కంట్రోల్‌ను ముందు రోజు సాయంత్రమే అడగాలి. తెల్లవారుజామున 3 గంటలకు అడిగితే ఎవరి చేతిలోనూ ఏమీ ఉండదు.

సిబ్బంది విషయంలోనూ అంతే. కెప్టెన్‌కు, కో-పైలట్‌కు ఇద్దరికీ క్యాట్ 3 అర్హత చెల్లుబాటులో ఉండాలి. పొగమంచు కాలంలో అర్హత ఉన్నవాళ్లనే రోస్టర్ చేయాలని డీజీసీఏ కోరుతుంది. అయినా ఆఖరి నిమిషంలో స్టాండ్‌బై పైలట్ వచ్చినప్పుడు ఇది తప్పిపోతుంది. పేరు మారిందంటే అర్హత మళ్లీ చూడాలి. డ్యూటీ గంటలు కూడా చూడాలి. డైవర్షన్ అయ్యాక అదే సిబ్బందితో మళ్లీ ఢిల్లీ వచ్చే వీలుందో లేదో ముందే తెలిసి ఉండాలి.

టెయిల్ మార్పు ఎక్కువ ప్రమాదం తెచ్చే పని. ఒకే రకం విమానాలే అయినా ఒక్కోదాని ఫ్యూయల్ ఖర్చు కాస్త వేరు, ఖాళీ బరువు వేరు, ఎంఈఎల్ వేరు. టెయిల్ మారితే ప్లాన్ మొత్తం మళ్లీ కట్టాలి. పాత ప్లాన్ రద్దని కెప్టెన్‌కు చెప్పి, చేతిలో ఉన్నది ఏ నంబరు వెర్షనో ఆయన నోట చెప్పించుకోవాలి.

వేసవిలో ఈ భాగం ఇంకో రూపం తీసుకుంటుంది. శంషాబాద్ సముద్ర మట్టానికి 2,024 అడుగుల ఎత్తులో ఉంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల్లో గాలి పలచబడి టేకాఫ్ బరువు తగ్గించుకోవాల్సి రావొచ్చు. ఇక్కడి రన్‌వే 4,260 మీటర్లు కాబట్టి నెట్టుకొస్తుంది. అదే విమానం అదే ఎండలో పొట్టి రన్‌వే ఉన్న ఊరి నుంచి లేవాలంటే సామాను దించాల్సి వస్తుంది.

ఆల్టర్నేట్ ఎంచుకోవడం

ఢిల్లీకి దగ్గర్లో జైపూర్, లక్నో, అమృత్‌సర్ ఉన్నాయి. మూడింటిలోనూ క్యాట్ 3 పరికరాలున్నాయి. అయినా ప్లాన్ వేసేటప్పుడు ఆ భరోసా పనికిరాదు. ఆల్టర్నేట్‌లో క్యాట్ 2, 3 ఉన్నా ప్లానింగ్‌కు క్యాట్ 1 హద్దు, అంటే 550 మీటర్ల ఆర్‌వీఆర్ చూడాలి. క్యాట్ 1 మాత్రమే ఉంటే నాన్-ప్రెసిషన్ అప్రోచ్ (కిందికి దిగే వాలును చూపే సంకేతం లేని ల్యాండింగ్ పద్ధతి) హద్దుకు పోవాలి. అనుకున్నది కుదరనప్పుడు వాడే చోటు కాబట్టి అక్కడ ఒక మెట్టు ఎక్కువ జాగ్రత్త పెట్టారు. చేరే సమయానికి ఒక గంట ముందు నుంచి ఒక గంట తర్వాత దాకా అంచనా ఆ హద్దు పైన ఉండాలి.

పాటించాల్సిన సూత్రం ఒకటే. గమ్యాన్ని ముంచే వాతావరణమే ఆల్టర్నేట్‌నూ ముంచే చోట ఉండకూడదు. 2023 డిసెంబర్ 4న మిచౌంగ్ తుపాను వానకు చెన్నై రన్‌వే నీట మునిగి విమానాశ్రయం మూసేశారు, మర్నాడు ఆ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి రోజున చెన్నైకి తీరం వెంబడి ఉన్న ఊరు ఆల్టర్నేట్‌గా పెట్టి లాభం లేదు. లోపలికి, బెంగళూరు వైపు చూడాలి. పొగమంచు రోజున ఢిల్లీకీ అంతే. లక్నో, అమృత్‌సర్ అదే మైదానంలో ఉన్నాయి. జైపూర్ తేలిగ్గా ఉండొచ్చు. కానీ ఢిల్లీ నుంచి మళ్లినవాళ్లంతా అక్కడికే పోతారు, బేలు (విమానాలు నిలిపే చోట్లు) నిండిపోతాయి. అందుకని మన ఫ్లైట్‌కు అహ్మదాబాద్ వేద్దాం. దూరం ఎక్కువ, ఫ్యూయల్ ఎక్కువ, కానీ అక్కడ దిగొచ్చు, బే దొరుకుతుంది.

ఇక్కడొక పని చాలామంది చేయరు. ఆల్టర్నేట్ స్టేషన్‌కు ఫోన్ చేసి బే, ఫ్యూయల్ బౌజర్, మెట్లు, ఏపీయూ పనిచేయని విమానమైతే ఎయిర్ స్టార్ట్ యూనిట్ ఉన్నాయా అని అడగడం. ఐదు నిమిషాల ఫోన్. చేయకపోతే 180 మంది ప్రయాణికులు తలుపులు తెరుచుకోని విమానంలో మూడు గంటలు కూర్చోవాల్సి రావొచ్చు.

ఇంకో ఆల్టర్నేట్ కూడా ఉంది. బయల్దేరే చోట వాతావరణం ల్యాండింగ్ హద్దు కంటే కింద ఉంటే టేకాఫ్ ఆల్టర్నేట్ రాయాలి. రెండు ఇంజన్ల విమానానికి అది ఒక ఇంజన్ వేగంతో గంట దూరంలోపు ఉండాలి. డిసెంబర్, జనవరి పొద్దుల్లో శంషాబాద్‌లోనూ పొగమంచు పడుతుంది కాబట్టి దీన్ని మర్చిపోకూడదు. ఆ రోజుల్లో బెంగళూరులోనూ పొగమంచు పడుతుంటుంది. హైదరాబాద్‌కు బెంగళూరును కళ్లు మూసుకుని ఆల్టర్నేట్‌గా వేయకండి.

ఫ్యూయల్ లెక్క

మన ఫ్లైట్ లెక్క ఇలా కట్టాలి, అన్నీ కిలోల్లో. టాక్సీకి 200. దారి ఖర్చు 4,700. కంటింజెన్సీ, అంటే అనుకోని ఖర్చుకు ఉంచేది, దారి ఖర్చులో 5 శాతం, అంటే 235. ఐదు నిమిషాల హోల్డింగ్‌కు (దిగే వంతు కోసం గాల్లో చుట్టూ తిరగడానికి) సుమారు 175 అవుతుంది, రెండింట్లో ఎక్కువైనదే తీసుకోవాలి కాబట్టి 235. ఢిల్లీలో అప్రోచ్ కుదరక పైకి లేచి అహ్మదాబాద్ వెళ్లడానికి 2,900. ఫైనల్ రిజర్వ్, అంటే ఆల్టర్నేట్ మీద 1,500 అడుగుల ఎత్తులో 30 నిమిషాలు తిరగడానికి, 1,050. ఇంతవరకు 9,085. నిబంధన ఇక్కడితో తృప్తిపడుతుంది.

డిస్పాచర్ తృప్తిపడకూడదు. పొగమంచు పొద్దున ఢిల్లీ మీద విమానాలు వరసలో తిరుగుతుంటాయి. 40 నిమిషాల హోల్డింగ్ అనుకుంటే, నిమిషానికి 35 కిలోల చొప్పున 1,400. మొత్తం 10,485.

ఇప్పుడు బరువు సరిచూడాలి. జీరో ఫ్యూయల్ వెయిట్ 61,000 అనుకుందాం. టేకాఫ్ బరువు 71,285, 79 టన్నుల హద్దుకు చాలా కింద. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఢిల్లీలో నేరుగా దిగే వీలు దొరికితే ట్యాంకుల్లో 5,585 మిగిలి ఉంటుంది, ల్యాండింగ్ బరువు 66,585 అవుతుంది. హద్దు 67,400. మిగిలింది 815 కిలోలే. కెప్టెన్ ఇంకో అరగంట హోల్డింగ్‌కు 1,050 కోరితే ల్యాండింగ్ బరువు 67,635 దాకా పోతుంది, హద్దు 235 కిలోలు దాటుతుంది. అప్పుడు ఫ్యూయల్ తగ్గించమని కెప్టెన్‌తో వాదించకుండా, కనీసం 235 కిలోల కార్గో దింపమని లోడ్ కంట్రోల్‌కు చెప్పాలి. అది బయల్దేరడానికి గంట ముందు చెబితే జరిగే పని. కార్గో ఎక్కించి తలుపు మూశాక చెబితే ఆలస్యం ఖాయం.

ఎక్కువ ఫ్యూయల్ ఊరికే రాదు. మోసే బరువులో గంటకు 3 శాతం దాకా ఆ మోతకే ఖర్చవుతుంది. టన్ను అదనంగా వేస్తే రెండు గంటల ప్రయాణంలో 60 కిలోలు పోతాయి. ఫ్యూయల్ పన్ను రాష్ట్రానికో తీరుగా ఉండడంతో చౌకగా దొరికే ఊళ్లో నింపి తీసుకెళ్లే పద్ధతీ ఉంది. పొగమంచు రోజున ఆ లెక్కను పక్కన పెట్టేయాలి. ల్యాండింగ్ బరువులో మిగిలిన ఆ కొద్ది చోటు హోల్డింగ్‌కు వదలాలి.

ఫైలింగ్

ఏటీసీ ఫ్లైట్ ప్లాన్ బయల్దేరే సమయానికి కనీసం గంట ముందు పడాలి. 120 గంటల ముందు నుంచి వేయొచ్చు. మన దేశంలో ఎఫ్‌ఐసీ (ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ సెంటర్) నంబర్, ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్ నంబర్ కూడా కావాలి. ఆలస్యం 30 నిమిషాలు దాటేలా ఉంటే డిలే మెసేజ్ పంపాలి. పంపకపోతే స్టార్ట్-అప్ అడిగినప్పుడు టవర్ దగ్గర ప్లాన్ ఉండదు. రద్దీ వేళల్లో సెంట్రల్ ఏటీఎఫ్ఎం (విమానాల రద్దీని క్రమబద్ధం చేసే విభాగం) నుంచి టేకాఫ్ స్లాట్ వస్తుంది. అది కెప్టెన్‌కూ గ్రౌండ్ స్టాఫ్‌కూ ఒకేసారి చేరాలి. లేదంటే ఒకరు బోర్డింగ్ తొందరపెడతారు, ఇంకొకరు ఆపుతారు.

సిస్టమ్ పోతే ఏం చేయాలో కూడా తెలిసి ఉండాలి. 2025 నవంబర్ మొదటి వారంలో ఢిల్లీలో ఫ్లైట్ ప్లాన్ సందేశాల్ని చేరవేసే ఆటోమేటిక్ మెసేజ్ స్విచింగ్ సిస్టమ్ మొరాయించి, కంట్రోలర్లు ప్లాన్‌లను చేత్తో నడపాల్సి వచ్చింది, వందలాది విమానాలు ఆలస్యమయ్యాయి. ఆ పరిస్థితిలో ప్లాన్ అందిందో లేదో అన్ని ఫ్లైట్లకూ విడివిడిగా నిర్ధారించుకోవాలి. "పంపాం కదా" అన్నది జవాబు కాదు.

కెప్టెన్‌తో బ్రీఫింగ్

కెప్టెన్‌కు ప్లాన్ మొత్తం చదివి వినిపించక్కర్లేదు, ఆయన చదవగలరు. ఆయనకు తెలియనివి, కాగితంలో కనిపించనివి చెప్పాలి. ఈ క్రమంలో చెబితే రెండు నిమిషాల్లో అయిపోతుంది: ఢిల్లీ ఇప్పుడెలా ఉంది, ఎటు పోతోంది, అహ్మదాబాద్ ఎందుకు వేశాం, జైపూర్ ఎందుకు వేయలేదు, హోల్డింగ్‌కు ఎన్ని నిమిషాలు ఇచ్చాం, ల్యాండింగ్ బరువులో ఎంత చోటు మిగిలింది, విమానంలో ఏ లోపం ఏ షరతు పెడుతోంది.

కెప్టెన్ ఎక్కువ ఫ్యూయల్ అడిగితే కారణం అడగండి, అడ్డుపడే ఉద్దేశంతో కాదు. ఆయనకు తెలిసిన కారణం మీ ప్లాన్‌లో లేదేమో, మిగతా ఫ్లైట్లకూ అది వర్తిస్తుందేమో. ఆయన తక్కువ చాలంటే మాత్రం ఒప్పుకునే ముందు టాఫ్ మళ్లీ చూడండి. మాట తేడా వస్తే గొంతు పెంచకుండా, ఆ అంకె ఏ లైనులోంచి వచ్చిందో చూపించండి. పాతికేళ్ల అనుభవమున్న కెప్టెన్ ముందు ఇరవై నాలుగేళ్ల డిస్పాచర్ నిలబడేది ఆ లైను మీదే.

గాల్లో ఉన్నంతసేపు

విమానం లేచాక మూడు కనిపెట్టాలి: దారిలో పాయింట్లు దాటినప్పుడల్లా మిగిలిన ఫ్యూయల్ ప్లాన్‌తో సరిపోతోందా, ఢిల్లీ ఆర్‌వీఆర్ ఎటు పోతోంది, అహ్మదాబాద్ ఇంకా తెరిచే ఉందా. ఏకార్స్ (విమానానికీ నేలకూ మధ్య రాత సందేశాలు పంపే వ్యవస్థ) సందేశం పొట్టిగా, చదవగానే పని చేసేలా ఉండాలి. ఉదాహరణకు: "వీఐడీపీ 0045 జులూ, టచ్‌డౌన్ ఆర్‌వీఆర్ 125 తగ్గుతోంది. హోల్డింగ్ 25 నిమిషాలు. వీఏఏహెచ్ 4,000 మీటర్లు, బే ఖాయం. డైవర్షన్ ఫ్యూయల్ 3,950." వీఐడీపీ అంటే ఢిల్లీ, వీఏఏహెచ్ అంటే అహ్మదాబాద్. సందేశంలో ఆఖరి అంకె మన లెక్కలోని 2,900, 1,050 కలిపితే వచ్చింది. ట్యాంకుల్లో 3,950 మిగిలేసరికి కెప్టెన్ అహ్మదాబాద్ వైపు తిరగాలి. తిరిగే సమయం మీ తెర మీదా రాసుకోండి, ఐదు నిమిషాల ముందు గుర్తుచేయండి.

ఢిల్లీలో క్యాట్ 3బి ల్యాండింగ్ 50 మీటర్ల ఆర్‌వీఆర్ దాకా కుదురుతుంది. టేకాఫ్‌కు 125 కావాలి. అంటే 75 మీటర్లలో దిగిన విమానం తిరుగు ప్రయాణానికి లేవలేదు. దిగింది కదా అని ఊపిరి పీల్చుకుంటే తర్వాతి ఫ్లైట్, దాని సిబ్బంది గంటలు, బే అన్నీ తలకిందులవుతాయి. తిరుగు ఫ్లైట్ ప్రయాణికుల్ని ఎక్కించాలా వద్దా అన్నది ఇక్కడి నుంచే ముందుగా చెప్పాలి.

ఫ్యూయల్ తగ్గుతుంటే వాడే రెండు మాటలకు కచ్చితమైన అర్థాలున్నాయి. ఇక ఏ మార్పు వచ్చినా ఫైనల్ రిజర్వ్ కంటే తక్కువతో దిగాల్సి రావొచ్చంటే "మినిమం ఫ్యూయల్". దిగేసరికి ఫైనల్ రిజర్వ్ మిగలదని లెక్క తేలితే "మేడే ఫ్యూయల్". మొదటిది వినగానే మీరు ఆ విమానం తప్ప వేరే పని పెట్టుకోకూడదు. మిగతావి పక్క డెస్క్‌కు ఇచ్చేయాలి.

డైవర్షన్ అయ్యాక పని మొదటికొస్తుంది. కొత్త ప్లాన్, కొత్త ఫైలింగ్, కొత్త ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్, ఫ్యూయల్, సిబ్బంది డ్యూటీ లెక్క. ఎప్పుడు ఎవరికి ఏం చెప్పారో జులూ టైమ్‌తో లాగ్‌లో రాయాలి, అప్పుడే, ఆ నిమిషంలోనే. అమెరికాలో విడుదల పత్రాలు 3 నెలలు దాచాలి. మన దగ్గర మీ మాన్యువల్ చెప్పినంతకాలం.

ఈ ఉద్యోగంలోకి రావాలంటే

మన దేశంలో డిస్పాచర్ ఆమోదం ఎయిర్‌లైన్‌తోనూ విమానం రకంతోనూ ముడిపడి ఉంటుంది. ఎయిర్‌లైన్ చేర్చుకుని, ట్రైనింగ్ ఇచ్చి, పరీక్షలు పెట్టాకే సొంతంగా విడుదల చేసే అధికారం వస్తుంది. బయట సంస్థలిచ్చే డిప్లొమా ఒక్కటే ఆ అధికారం ఇవ్వదు. లక్షలు కట్టే ముందు ఆ సంస్థ నుంచి ఎయిర్‌లైన్లు నిజంగా ఎందరిని తీసుకున్నాయో, ఏ హోదాలో తీసుకున్నాయో పేర్లతో సహా అడగండి. ఓసీసీలో ఫ్లైట్ వాచ్, క్రూ కంట్రోల్, లోడ్ కంట్రోల్ డెస్క్‌లలో చేరి అక్కడి నుంచి డిస్పాచ్‌కు మారడం కూడా వాడుకలో ఉన్న దారే.

అమెరికాలో ఎఫ్‌ఏఏ (అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ) సర్టిఫికెట్ వ్యక్తి పేరు మీదే వస్తుంది. ఆమోదం పొందిన కోర్సు కనీసం 200 గంటలు. రాతపరీక్ష 21 ఏళ్లకు రాయొచ్చు, సర్టిఫికెట్ 23 ఏళ్లు నిండాకే. సర్టిఫికెట్ రావాలంటే ప్రాక్టికల్ పరీక్షలో పరీక్షకుడి ముందు కూర్చుని ఒక ఫ్లైట్‌కు ప్లాన్ కట్టి, ప్రతి అంకెకూ జవాబు చెప్పాలి. ఇతర దేశాలవాళ్లూ ఈ సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు గానీ అది అక్కడ పనిచేసే హక్కు ఇవ్వదు, వీసా విషయం వేరే. బ్రిటన్‌లో ఉద్యోగ ప్రకటన చూస్తే ఇంకో జాగ్రత్త. అక్కడ డిస్పాచర్ అంటే చాలాచోట్ల విమానం పక్కన నిలబడి బోర్డింగ్, సామాను, ఫ్యూయల్ పనులు సమయానికి అయ్యేలా చూసే ఉద్యోగి. ఇక్కడ చెప్పిన పని అక్కడ ఫ్లైట్ ఆపరేషన్స్ ఆఫీసర్ పేరుతో ఉంటుంది. దరఖాస్తు చేసేముందు ప్రకటనలో ఫ్లైట్ ప్లానింగ్, ఫ్యూయల్ పాలసీ, ఫ్లైట్ వాచ్ అన్న మాటలున్నాయో లేదో చూసుకోండి.